హుకుం నడిచిన దారి: జగ్గయ్యపేట, నందిగామ

విజయవాడ నుంచి హైదరాబాదు దారి పట్టి కీసర దగ్గర మున్నేరు దాటితే పొలాల రంగు మారిపోతుంది. కాలువ కింద వరి చూసి చూసి వచ్చిన కంటికి నల్లరేగడిలో పత్తి, మిరప మొదలవుతాయి. డెల్టావాళ్లు కొంచెం తక్కువ చేసి ‘మెట్ట’ అనే నేల ఇది. నందిగామ దాటి చిల్లకల్లు సమీపించేసరికి దారిలో సిమెంటు లారీలే ఎక్కువ. ఇక్కడి భూమి కింద సున్నపురాయి పరుచుకుని ఉంది. పక్కకు తిరిగితే జగ్గయ్యపేట. తిన్నగా పోతే గరికపాడు, పాలేరు వంతెన. వంతెన అవతల కోదాడ నేల, అంటే ఇంకో రాష్ట్రం.

గరికపాడు పేరు 2020 మార్చిలో తెలుగువాళ్లందరికీ తెలిసింది. లాక్‌డౌన్ ప్రకటించాక హైదరాబాదు హాస్టళ్లు ఖాళీ చేసి ఊళ్లకు బయల్దేరిన కుర్రాళ్లు, ఆడపిల్లలు వేల సంఖ్యలో ఆ చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయారు. అవతలి పోలీసులు పాసులిచ్చి పంపారు, ఇవతలి పోలీసులు రానివ్వబోమన్నారు. రెండు రాజధానుల నుంచి ఏ మాట వస్తుందా అని జనం రోడ్డు మీద కూర్చున్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు పొంగి అదే వంతెన దెబ్బతింది. ఐతవరం దగ్గర మున్నేరు రోడ్డెక్కింది. మళ్లీ అదే వరస.

ఎక్కడో కూర్చున్నవాళ్ల మాట కోసం ఈ దారి మీద జనం కాచుకోవడం రెండున్నర శతాబ్దాల పాత సంగతి. జగ్గయ్యపేట అనే పేరే అలాంటి ఒక మాట వల్ల పోయిన ప్రాణానిది.

పేటకు పేరిచ్చిన మనిషి

ముందుగా ఒక అనుమానం తీర్చాలి. సినిమా జగ్గయ్యగారికీ ఈ ఊరికీ సంబంధం లేదు. కొంగర జగ్గయ్యది తెనాలి పక్క ఊరు. ఈ జగ్గయ్య వాసిరెడ్డి జగ్గన్న, చింతపల్లి జమీందారు. వాసిరెడ్డివారు గోల్కొండ నవాబుల కాలం నుంచి నందిగామ పరగణా మీద పెత్తనం ఉన్నవాళ్లు. చింతపల్లి కృష్ణకు దక్షిణపు ఒడ్డున ఇప్పటి అచ్చంపేట మండలంలో ఉంటే, నందిగామ ఉత్తరాన ఉంది. నది మధ్యలో పారుతుండగా రెండు ఒడ్లా భూమి ఉన్న ఇల్లు వాళ్లది. ఆ రోజుల్లో అదే వాళ్ల బలం, అదే వాళ్ల ప్రాణగండం.

1760ల మాట. ఢిల్లీలో మొగలు పాదుషా పేరుకు మాత్రమే మిగిలాడు. ఆయన సుబేదారుగా దక్కనును ఏలాల్సిన ఆసఫ్‌జాహీ ఇంట్లో అన్నదమ్ముల మధ్యే కత్తులు లేచాయి. 1762లో నిజాం అలీ తన అన్న సలాబత్ జంగ్‌ను గద్దె దించి బందీ చేశాడు. మరుసటి ఏడాది సలాబత్ జంగ్ చెరలోనే ముగిశాడు. ఇంకో సోదరుడు బసాలత్ జంగ్ చేతిలో ఆదోని, గుంటూరు ఉన్నాయి. సముద్రం వైపు మచిలీపట్నం 1759లోనే ఫ్రెంచివాళ్ల నుంచి ఇంగ్లీషు కంపెనీకి దక్కింది. ఇన్ని గద్దెలకు మధ్య ఉన్న జమీందారు ఎవరికి పేష్కషు కట్టాలి? ఒకరికి కడితే ఇంకొకరికి ద్రోహి. ఎవరికీ కట్టకపోతే అందరికీ తిరుగుబాటుదారు. కట్టడం ఆలస్యమైతే గుర్రాలు వచ్చి కోట చుట్టూ దిగుతాయి. సైన్యం తిండి ఖర్చు కూడా జమీందారు లెక్కలోనే పడుతుంది.

1763 ప్రాంతంలో బసాలత్ జంగ్ హుకుం మీద జగ్గయ్యను చంపేశారు. భార్య అచ్చమ్మ సహగమనం చేసింది. అప్పటికి కొడుకు వేంకటాద్రి చంటివాడు, 1761లో పుట్టినవాడు. వాసిరెడ్డి వంశ చరిత్రలు ఈ మొత్తాన్ని రెండు మూడు వాక్యాల్లో దాటేసి కొడుకు వైభవానికి వెళ్లిపోతాయి. అక్కడ కొంచెంసేపు నిలబడాలనిపిస్తుంది నాకు. జగ్గయ్య చేసిన నేరమేదైనా, దాన్ని విచారించేందుకు ఆ కాలపు జమీందారుకు కోర్టు లేదు, వకీలు లేడు, పైకి వెళ్లే అప్పీలు లేదు. సర్కారుకు కోపం వచ్చిందంటే అదే అభియోగం, అదే తీర్పు.

కోయిలకుంట్లలో ఒక ఉదయం

కంపెనీ దొరలు వచ్చాక చావు తీరు మారింది. దానికి తారీఖు వచ్చింది, గంట వచ్చింది, ఫైలు వచ్చింది. తెలుగునాట అందుకు బాగా తెలిసిన ఉదాహరణ మన మెట్టలో జరగలేదు, రేనాడులో జరిగింది. 1846 జూలైలో, తిరగబడ్డ పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మనుషులు కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. అక్టోబరులో ఆయన్ని పట్టుకున్నారు. 1847 ఫిబ్రవరి 22న ఉదయం 7 గంటలకు కోయిలకుంట్లలో, కడప కలెక్టరు కాక్రేన్ సమక్షంలో, బహిరంగంగా ఉరితీశారు. చూడటానికి రెండు వేల మందికి పైగా వచ్చారు.

ఆ అంకె దగ్గర ఆగండి. 1847లో ఉదయం ఏడింటికి రెండు వేల మంది ఒకచోట చేరారంటే, రోజూ వేళా చుట్టుపక్కల ఊళ్లన్నింటికీ ముందే తెలిసి ఉండాలి. దూరపు ఊళ్లవాళ్లు ముందురోజు పొద్దువాలగానే బండ్లు కట్టుకుని, లేదా నడిచి బయల్దేరి ఉండాలి. వాళ్లంతా వేడుక చూడ్డానికి వచ్చినవాళ్లు కారు. ఆ తిరుగుబాటులో వందల మందిని పట్టి విచారిస్తే, 112 మందికి శిక్షలు పడ్డాయి. అంటే ఆ గుంపులో ఎందరికో అన్నో తమ్ముడో మామో అప్పటికి చెరలో ఉన్నాడు. అరిస్తే తమవాళ్లకు ఏమవుతుందో తెలియక నోరు కట్టుకుని నిలబడ్డ ఊరది. పట్టుకున్న అక్టోబరు నుంచి ఉరి తీసిన ఫిబ్రవరి దాకా నాలుగున్నర నెలలు రేనాడు ఎదురుచూసింది. పాలెగాడి ఒక్క మెడకు ఉరి వేసి వెయ్యి మెడలు వంచాలన్నదే దొరల లెక్క. అందుకే అది అక్కడితో ఆగలేదు. ఆయన తలను కోట గుమ్మానికి వేలాడదీశారు, 1877 దాకా అలాగే ఉంచారు. ముప్ఫై ఏళ్లు! దాని కింద నుంచి పొలాలకు వెళ్లిన పిల్లలు పెద్దవాళ్లై పిల్లల్ని కన్నారు.

హైదరాబాదులోనూ అదే వరస. 1857 జూలై 17న కోఠి రెసిడెన్సీ మీద దాడికి నాయకత్వం వహించిన తుర్రేబాజ్ ఖాన్, చెర నుంచి తప్పించుకుని 1859 జనవరిలో తూప్రాను దగ్గర కాల్పుల్లో చనిపోయాడు. చచ్చినవాణ్ని నగరానికి తెచ్చి జనం కళ్లముందు వేలాడదీశారు. బతికుండగా ఉరితీసే అవకాశం పోయినా, చూపించే అవకాశం వదులుకోలేదు.

జగ్గయ్యకు అలాంటి ప్రదర్శన జరిగిందో లేదో గానీ, ఆయన పేరును జనం నోట పెట్టే పని కొడుకు చేశాడు.

కొడుకు కట్టిన ఊళ్లు, నరికిన తలలు

1782లో బసాలత్ జంగ్ చనిపోయాడు. 1783లో జమీ పగ్గాలు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడి చేతికి వచ్చాయి. తండ్రిని చంపించినవాడు పోయిన మరుసటి ఏడాదే కొడుకు గద్దెనెక్కడం కాలం చేసిన పని. పగ తీర్చుకోవడానికి ఎదుట మనిషే లేడు. కృష్ణకు ఉత్తరాన, బేతవోలు ఉన్నచోట, తండ్రి పేర జగ్గయ్యపేట కట్టించాడు. నదికి దక్షిణాన తల్లి పేర అచ్చంపేట. చంపబడ్డ తండ్రి ఒక ఒడ్డున, చితిలో కాలిన తల్లి ఇంకో ఒడ్డున. రెండూ బజారుగా పెరగాల్సిన పేటలే. దేవుడి గుడి కట్టించి ఊరుకోకుండా సంతలు, కోమటి కొట్లు, మగ్గాలు నడిచే ఊళ్లు వెలయించాడు. నిజాం నేలకు అంచున ఉండటం వల్ల జగ్గయ్యపేట వ్యాపారానికి బాగా పనికొచ్చింది. అవతలి సరుకు ఇవతలికి, ఇవతలిది అవతలికి. రోజుకు వందసార్లు బండివాళ్ల నోట, తూకాల దగ్గర, చిట్టాల మీద తండ్రి పేరు నలిగేలా చేశాడు.

అంతవరకు చెప్పి ఆగితే ఇది చక్కని కథ. ఆగడం కుదరదు. తన జమీలో దారులు కొట్టే చెంచులతో విసిగిపోయిన ఇదే వేంకటాద్రి, వాళ్లను భోజనానికి పిలిచి, వచ్చినవాళ్లను వచ్చినట్టే తలలు తీయించాడు. నూటయాభై మంది అని కొందరు రాశారు, ఆరు వందలని చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ చోటు అమరావతి దగ్గర నరుకుళ్లపాడు. ఆ తర్వాత నాయుడు అన్నానికి కూర్చుంటే మెతుకులు పురుగులై కనిపించేవట. ఆ పాపం పోగొట్టుకోవడానికే చింతపల్లి వదిలి అమరావతి చేరాడని, అమరేశ్వరుడి సేవలో పడ్డాడని ప్రతీతి. మంగళగిరి పదకొండంతస్తుల గాలిగోపురం కూడా ఆయన కట్టించిందే.

పురుగుల కథను నేను నమ్మను. కానీ ఆ కథ చెప్పుకున్న జనాన్ని నమ్ముతాను. ప్రభువును నిలదీసే దారి లేనివాళ్లు ఆయన కంచంలో పురుగులు వేశారు. విచారణ లేకుండా తండ్రిని పోగొట్టుకున్నవాడు విచారణ లేకుండా వందల తండ్రుల్ని చంపించాడు. వాళ్ల పేర పేటలు కట్టించేవాళ్లు ఎవరూ లేరు. నరికిన చోటుకే పేరు మిగిలింది. వేంకటాద్రి ధర్మాలను పొగిడే పుస్తకాల్లో చెంచులకు ఒక పేరా దొరికితే గొప్ప.

ఆయన తవ్వకాల సంగతి అందరికీ తెలిసిందే. అమరావతిలో ఇళ్లకు రాయి, ఇటుక కావాలని దీపాలదిన్నె తవ్విస్తే బౌద్ధస్తూపం బయటపడింది. 1797లో కాలిన్ మెకంజీ అది చూడటానికి వచ్చాడు. జగ్గయ్యపేటకూ ఒక దిబ్బ ఉంది, ధనంబోడు. 1882లో జేమ్స్ బర్జెస్ దాన్ని పరీక్షించి స్తూపమని తేల్చాడు. దొరికిన శాసనం ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలానిది. సిద్ధార్థుడనే పనివాడు వెలగిరి మహాచైత్యానికి అయిదు ఆయక స్తంభాలు ఇచ్చాడని అందులో ఉంది. పదిహేడు వందల ఏళ్ల కింద ఒక పనివాడు రాజుగారి పేరు పక్కన తన పేరు, తన తండ్రి పేరు చెక్కించుకున్నాడు. ఈ మెట్టలో నాకు బాగా నచ్చిన పేర్లు అవి.

1816లో వేంకటాద్రి పోయాక దత్తపుత్రులిద్దరూ కోర్టుకెక్కారు. వ్యాజ్యం మద్రాసు దాటి లండనులో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. జగ్గయ్యకు దొరకని అప్పీలు ఆయన మనవలకు దొరికింది. ఆ అప్పీళ్ల ఖర్చుల్లో, శిస్తు బకాయిల్లో జమీ కరిగిపోయింది.

మునగాల మనది, పరిటాల వాళ్లది

ఇప్పుడు నందిగామ వైపు రావాలి. తాలూకా కచేరీ ఉన్న ఊరు కాబట్టి నందిగామకు కాగితం ఎప్పుడూ దగ్గర. ఆ కాగితాల్లో అన్నిటికంటే విచిత్రమైంది సరిహద్దు. నిజాం రాజ్యం మధ్యలో చిన్న దీవిలా ఉన్న మునగాల పరగణా ఇంగ్లీషువాళ్లది, నందిగామ తాలూకాలో భాగం. అటు కంచికచర్ల పక్కన, చుట్టూ ఇంగ్లీషు నేల ఉన్న పరిటాల, దానితోపాటు కొన్ని ఊళ్లు నిజాంవి. వజ్రాల గనుల మీద ఆశతో నిజాం వాటిని వదులుకోలేదు. ఒకే దారిలో పోయేవాడు ఒక పూటలో రెండు రాజ్యాలు మారి మళ్లీ మొదటి రాజ్యంలోకి వచ్చేవాడన్నమాట. పోలీసు తరిమితే ఎటు దూకాలో ఇక్కడి పిల్లలకు కూడా తెలిసి ఉంటుంది.

ఆ మునగాలకు దివానుగా పనిచేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ఈ నందిగామ పక్కన పెనుగంచిప్రోలులో 1877లో పుట్టారు. మునగాల రాజా నాయని వేంకటరంగారావు అండతో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలయ్యాయి. తెలుగులో చరిత్రను ఆధారాలు చూపి రాయాలని పట్టుబట్టిన మనిషి ఈయన. ఆయన అక్క భండారు అచ్చమాంబ 1874లో పుట్టి ముప్ఫై ఏళ్లు దాటగానే పోయారు. ఈలోగానే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాశారు, కథలు రాశారు, మచిలీపట్నంలో స్త్రీ సమాజం పెట్టారు. పెనుగంచిప్రోలంటే భక్తులకు తిరుపతమ్మ తల్లి. భర్తను పులి చంపితే అగ్నిలో దూకిన సతిగా ఆమెను కొలుస్తారు, తిరునాళ్లకు లక్షల మంది వస్తారు. జగ్గయ్య భార్య అచ్చమ్మా చితే ఎక్కింది. అదే పెనుగంచిప్రోలు నుంచి అచ్చమాంబ కలం పట్టుకుని లేచి, ఆడవాళ్ల చరిత్రలంటే చావుల లెక్క మాత్రమే కాదని రాశారు. తిరునాళ్లలో ఆమె పేర కనీసం ఒక పుస్తకాల కొట్టు పెట్టొచ్చని నా గొడవ.

నందిగామలోనే 1882లో పుట్టినవారు అయ్యదేవర కాళేశ్వరరావు. స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు జైలుకు వెళ్లారు, 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరయ్యారు. విజయవాడలో కూరగాయలు కొనే చాలామందికి ఆయన ఒక మార్కెట్టు పేరు. ఫ్రెంచి విప్లవం గురించి తెలుగులో పుస్తకం రాసిన మనిషి ఆయన. కాళేశ్వరరావు తరానికి రాజద్రోహం ఖరీదు 1908లోనే తెలిసింది. విజయవాడ ‘స్వరాజ్య’ పత్రికలో ఒక వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావును మూడేళ్లు జైల్లో పెట్టారు.

హైదరాబాదు ఎదురుచూసిన నెలలు

1947 ఆగస్టు తర్వాత గరికపాడు అవతల ఇంకా నిజాం రాజ్యమే. సరిహద్దు ఇవతల జగ్గయ్యపేట, నందిగామ, విజయవాడల్లో స్టేటు కాంగ్రెసు శిబిరాలు, రజాకార్ల భయానికి పిల్లాపాపలతో వచ్చేసిన కుటుంబాలు. డిసెంబరు 4న హైదరాబాదులో కింగ్‌కోఠీ దగ్గర నిజాం కారు మీద బాంబు పడింది. విసిరినవాడు నారాయణరావు పవార్, వరంగల్లు కుర్రవాడు, ఆర్యసమాజీ, లా చదువుతున్నాడు. నిజాంకు ఏమీ కాలేదు. పవార్‌కు ఉరిశిక్ష వేశారు. శిక్ష పడిన మనిషి జైల్లో, బయట రజాకార్ల కవాతులు, ఢిల్లీతో రాయబారాలు. ఉరి ముందా, సైన్యం ముందా అన్న ప్రశ్న ఆ నగరం మీద నెలల తరబడి వేలాడింది.

సైన్యమే ముందొచ్చింది. 1948 సెప్టెంబరు 13న విజయవాడ వైపు నుంచి కదిలిన భారత దళాలు పొద్దున ఎనిమిదిన్నరకల్లా కోదాడ చేరాయి, మధ్యాహ్నానికి మునగాల. బసాలత్ జంగ్ కాలం నుంచి హుకుములు అటు నుంచి ఇటు నడిచిన సీమ ఇది, ఆ రోజు ఇటు నుంచి అటు నడిచాయి. అయిదో రోజు నిజాం లొంగిపోయాడు. పవార్ మెడకు ఉరి తప్పింది, 1949లో విడుదలయ్యాడు.

పవార్ బయటికొచ్చిన ఏడాదే అదే హైదరాబాదు రాష్ట్రంలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు తెలంగాణ రైతాంగ పోరాటంలోని పన్నెండు మందికి ఉరిశిక్షలు వేశాయి. గద్దె మీద ఉన్నది సొంత ప్రభుత్వం. కాబట్టి దీన్ని సామ్రాజ్యాల ఖాతాలో వేయలేం, వేయకుండా వదిలేయనూలేం. ఉరి తేదీ దగ్గరపడుతుండగా లాయరు డేనియల్ లతీఫీ సుప్రీంకోర్టును ఆశ్రయించారు. లండను బారిస్టరు డి.ఎన్. ప్రిట్ ఢిల్లీ వచ్చి వాదించారు. వాసిరెడ్డివారి భూమి తగాదా లండను వెళ్లిన నూరేళ్ల తర్వాత, లండను వకీలు తెలంగాణ రైతుల ప్రాణాల కోసం ఇక్కడికి రావడం నాకు ముచ్చటగా ఉంటుంది. కోర్టులో నెగ్గలేదు గానీ, ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన విన్నపాల ఒత్తిడికి శిక్షలు యావజ్జీవంగా మారాయి.

ఆ పన్నెండు మందిలో జనగామ ప్రాంతపు నల్లా నర్సింహులు ఒకరు. ఉరికంబం నీడలో గడిపిన రోజులు దాటి, జైలు దాటి, బతికి తన పోరాట అనుభవాలను తానే పుస్తకంగా రాసుకున్నారు. ఈ దారి మీది సరిహద్దులూ మారాయి. మునగాలను 1959లో నల్లగొండ జిల్లాలో కలిపేశారు. ఇప్పుడది సూర్యాపేట జిల్లా. జగ్గయ్యపేట, నందిగామ 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా.